సూరత్‌లో మైనస్ పంతొమ్మిది

మే నెల మిట్టమధ్యాహ్నం సూరత్‌లో మైనస్ పంతొమ్మిది డిగ్రీల చలి ఉండగా నేను కళ్లారా చూశాను. ఆ సమయానికి నా చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది. వర్క్‌షాపు పైకప్పు రేకులు కాలుతున్నాయి. చెమట కళ్లలోకి దిగి స్క్రీన్ మసకగా కనిపిస్తోంది. అయినా ఆ అంకె మాత్రం స్పష్టంగానే ఉంది. చెప్పింది కంప్యూటర్ కాబట్టి, అది తప్పు అనడానికి మాలో ఎవరికీ వెంటనే నోరు రాలేదు.

మా నాన్న సిరిసిల్ల వైపు నుంచి మరమగ్గాల పనికి ఈ ఊరొచ్చాడు. ఆ చప్పుడు భరించలేక నేను బండ్ల వైపు మళ్లాను. సగం ఉద్యోగం ఇంజిన్లు విప్పడంతో గడిచింది. పొగ మీద కొత్త నిబంధనలు వచ్చాక విప్పడం తగ్గి, బండికి వైరు తగిలించి చదవడం ఎక్కువైంది. బండి కింద దూరే మనిషికి లాప్‌టాప్ ఇచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. ఇంట్లోవాళ్లు దాన్ని ప్రమోషన్ అనుకున్నారు, నేనూ కాదనలేదు. జీతం మారలేదన్న సంగతి ఒకటో తారీఖున వాళ్లకే తెలిసింది.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లల కోసం ఇది రాస్తున్నాను కాబట్టి కాస్త పాఠం తప్పదు. కొత్త డీజిల్ బండిలో పొగగొట్టం ఉత్త గొట్టం కాదు. పొగలోని విషాన్ని తగ్గించడానికి అందులోకి యూరియా కలిపిన ద్రవాన్ని చిమ్ముతారు. దాని కోసం బండికి వేరే తొట్టి ఉంటుంది. గొట్టం చివర ఒక సెన్సర్ ఉంటుంది, ముక్కులాంటిది. విషం తగ్గకపోతే అది వాసన పట్టి కంప్యూటర్‌కు చెబుతుంది. కంప్యూటర్ ముందు దీపం వెలిగిస్తుంది, తర్వాత బజర్ మోగిస్తుంది, అప్పటికీ ఎవరూ పట్టించుకోకపోతే బండి కాళ్లు కట్టేస్తుంది. ఆ తర్వాత ఎంత తొక్కినా ఎడ్లబండి వేగం దాటదు. ఇంతవరకు తెలిస్తే చాలు. మిగతాది మీకు ట్రైనింగ్‌లో చెబుతారు, మీరు నిద్రపోతారు, మేమూ అలాగే నేర్చుకున్నాం.

సూరత్‌లోనే భేస్తాన్ అనే పేటలో మనవాడొకడు ఉండేవాడు, జగిత్యాల వైపు మనిషి. చాలా కాలం మగ్గాల మీద పనిచేసి, చెవులు పోతున్నాయని మానేసి, చిన్న లారీ కొనుక్కున్నాడు. ఖటోదరాలో నేసిన గుడ్డ తాకాలను, అంటే పెద్ద చుట్టలను, ఎక్కించుకుని సలాబత్‌పురాలో ఒక చీరల వ్యాపారి గోదాముకు చేర్చడం అతని పని. ఆ గోదాములో అతని బండి వస్తే తాకాలు లెక్కపెట్టేవారు కాదు. తలుపు తీసి దించుకునేవారు, అంతే. ఇది చిన్న విషయం అనుకోకండి. సొంత బావమరిది తెచ్చిన సరుకును కూడా నవ్వుతూ లెక్కపెట్టే బజారు అది. "నా బండి మాల్ ఎవ్వడు లెక్కవెట్టడన్నా" అని అతను సర్వీసుకు వచ్చినప్పుడల్లా ఏదో ఒక వంకన చెప్పేవాడు. వేరేవాళ్లు కొడుకు ర్యాంకు చెప్పుకున్నట్టు చెప్పేవాడు.

అలాంటి బండి ఒకరోజు ఫ్లైఓవర్ ఎక్కుతూ ఎక్కుతూ నీరసపడిపోయింది. వెనక ఊరంతా హారన్ కొడుతుండగా పాక్కుంటూ మా దగ్గరికి వచ్చింది. వైరు తగిలించి చూస్తే, గొట్టం చివర విషం తగ్గడం లేదని వచ్చింది. ముక్కు చెడిపోయిందని తేల్చి మార్చేశాం. నిజం చెప్పేవాణ్ని మార్చడం మా వర్క్‌షాపులో కొత్తేమీ కాదు.

బండి అప్పగించేటప్పుడు మా దగ్గర ఒక ఆచారం ఉండేది. మా శేఠ్, అంటే వర్క్‌షాపు యజమాని, భక్తిపరుడు. బయటికి వెళ్లే ప్రతి బండికీ బానెట్ మీద కుంకుమతో స్వస్తిక్ వేసి, కొబ్బరికాయ కొట్టి, ముందు జాలీకి నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు తన చేత్తోనే కట్టేవాడు. దారం అయితే తెగిపోతోందని మంచి ఇనుప తీగ తెప్పించాడు. ఆ మోడల్ లారీకి జాలీ వెనక ఒక చిన్న కొక్కెం ఉండేది, ఇందుకోసమే పెట్టారా అన్నట్టు. కస్టమర్లకు ఈ ఏర్పాటు చాలా నచ్చేది. బ్రేకులు సరిగా చూడకపోయినా క్షమించేవారు గాని, నిమ్మకాయ మరిచిపోతే వెనక్కి వచ్చి అడిగేవారు.

కొన్నాళ్లు బాగా తిరిగి, బండి మళ్లీ పాక్కుంటూ వచ్చింది. ఈసారి యూరియా పంపు మార్చాం. ఆ తర్వాత చిమ్మే నాజిల్ మార్చాం. ఆ తర్వాత కొత్తగా పెట్టిన ముక్కునే మళ్లీ మార్చాం. వచ్చిన ప్రతిసారీ జెట్ పెట్టి శుభ్రంగా కడిగి, కొత్త భాగం వేసి, పూజ చేసి పంపేవాళ్లం. వెళ్లిన ప్రతిసారీ కొన్నాళ్లు గుర్రంలా తిరిగేది. అందుకని ఏ భాగం మార్చినా, రోగం కుదిర్చింది అదేనని మాకు నమ్మకం కలిగేది. మా శేఠ్ కూడా తన వంతుగా ఒక నిమ్మకాయ స్థానంలో మూడు కట్టడం మొదలుపెట్టాడు. ఇంటి దగ్గర బండి మనిషి భార్య శనివారం శనివారం ఇంకో రెండు జత చేసేది. బండి మొరాయించిన కొద్దీ ముందు జాలీ కూరగాయల కొట్టులా తయారైంది.

ఇక మా మేనేజర్ సంగతి. ఆయనకు తప్పు ఎక్కడుందో వెతకడం కన్నా ఎవరిదో వెతకడం ఇష్టం. యూరియా చిమ్మినా విషం తగ్గడం లేదంటే యూరియా మంచిది కాదు, యూరియా మంచిది కాదంటే డ్రైవర్ అందులో నీళ్లు కలుపుతున్నాడు, అని ఆయన మూడు మెట్లలో తీర్పుకు చేరుకున్నాడు. ద్రవం చుక్కను అద్దం మీద వేసి వెలుతురుకు పట్టి చూసే చిన్న పరికరం ఉంటుంది. నేను దాంతో ఆయన ఎదుటే చూపించాను, ద్రవం నిక్షేపంగా ఉంది. ఇక్కడికి వచ్చే ముందు మంచిది పోసుకుని వస్తాడు, అన్నాడు. దారిలో ఆగిపోయిన బండి దగ్గరికి నేనే వెళ్లి, అక్కడికక్కడే తీసి చూశాను. అదీ మంచిదే. అయితే వీడు మనం అనుకున్నదానికన్నా తెలివైనవాడు, అన్నాడు. మంచి యూరియా దొరికిన కొద్దీ అతని నేరం బలపడుతూ వచ్చింది. నేను కోపంతో లాప్‌టాప్ మూత గట్టిగా వేశాను. మేనేజర్ దాని ధర గుర్తుచేశాడు.

ఇంతటితో ఆగి ఉంటే వర్క్‌షాపు గొడవగానే ఉండిపోయేది. సరుకు ఎందుకు ఆలస్యమవుతోందని ఆ చీరల వ్యాపారి ఫోన్ చేసినప్పుడు, మేనేజర్ తన సిద్ధాంతం మొత్తం ఆయనకు వినిపించాడు. కంప్యూటర్‌లో వచ్చింది, అనే ముక్క కూడా చేర్చాడు. అంతే. మరుసటి రోజు నుంచి గోదాము మునీమ్, అంటే గుమాస్తా, తలుపు దగ్గర కుర్చీ వేసుకుని అతని తాకాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

ఆ వారం అతను బండి లేకుండా ఉత్తగానే మా దగ్గరికి వచ్చాడు. టీ తెప్పించాను, తాగలేదు.

"నీళ్లు కలిపెటోడు తాకా గూడ గుంజుతడు గదా అంటుండ్రన్నా. నా ముందటనే ఒక్కొక్కటి గింతి చేస్తుండ్రు. నేను పక్కకు నిలవడి సూస్తున్న. హమాలోళ్లు గూడ నా మొఖం సూస్తలేరు."

నాకు ఆ మనిషి మీద జాలి కలిగింది, మా మేనేజర్ మీద ఒళ్లు మండింది, ఈ రెండింటి వల్లా బండికి వీసమెత్తు ఉపయోగం లేకపోయింది.

గ్యారంటీ కింద ఇన్ని భాగాలు మార్చేసరికి బండి తయారు చేసిన కంపెనీకి అనుమానం వచ్చి, పుణె నుంచి తమ ఇంజినీర్‌ను పంపుతామన్నారు. ఆ ఇంజినీర్ కూడా నీళ్లే అంటే ఇక గ్యారంటీ లేదు. వ్యాపారి కూడా ఆ రోజు వరకే ఆగుతానని, తేలకపోతే ఖటోదరా రూటు వేరేవాళ్లకు ఇచ్చేస్తానని కబురు పెట్టాడు. రూటు పోతే ఇంకోటి దొరకవచ్చు. కానీ నీళ్లు కలిపి రూటు పోగొట్టుకున్నవాడు అనే పేరు వస్తే, సూరత్ బజారులో ఆ మనిషి బండికి ఎవరూ గుడ్డపేలిక కూడా ఎక్కించరు. అది అతనికీ తెలుసు, నాకూ తెలుసు.

వచ్చిన ఇంజినీర్ చిన్న వయసు అమ్మాయి. మా మేనేజర్ ఆమె వెనక ఇంకెవరైనా దిగుతారేమో అని కారు తలుపు వైపు కాసేపు చూశాడు. మా శేఠ్ వచ్చాడు. వ్యాపారి కూడా వచ్చాడు, ఇద్దరిదీ ఒకే సత్సంగం. బండి మనిషి గోడ పక్కన నిలబడ్డాడు, కుర్చీ ఇస్తే వద్దన్నాడు. మేనేజర్ తన మూడు మెట్ల సిద్ధాంతాన్ని హిందీలో, మధ్య మధ్య ఇంగ్లీషు చల్లి, గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. ఆ అమ్మాయి అంతా విని, వైరు ఇవ్వండి అంది.

మేమందరం అన్నాళ్లూ ఎర్ర గుర్తు వచ్చిన పేజీలే చదివాం. పరీక్షకు ముఖ్యమైన ప్రశ్నలు మాత్రమే చదివే పిల్లల్లాగా. ఆ అమ్మాయి మొదటి పేజీ నుంచి వరసగా చదువుకుంటూ పోయింది. మాకు ఆవలింతలు వచ్చాయి. ఒకచోట ఆగి, నా వైపు తిరిగి, సూరత్‌లో చలి ఎంతవరకు ఉంటుంది అంకుల్, అని అడిగింది. నేను నోరు తెరిచేలోగా మేనేజర్ అందుకుని, ఇక్కడి శీతాకాలం చాలా బాగుంటుందని, ఒక పలుచటి స్వెటర్ చాలునని, పతంగుల పండుగకు తప్పకుండా రమ్మని చెప్పాడు. ఆమె లాప్‌టాప్ మా వైపు తిప్పింది.

బయటి గాలి వేడి: మైనస్ పంతొమ్మిది.

మేనేజర్ స్క్రీన్ మీదికి వంగి, ఏసీ బాగా పనిచేస్తోందేమో అన్నాడు. ఇంజిన్ ఆపే ఉంది.

తర్వాత అర్థం చేసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేకపోయింది. బయట గాలి ఎంత వేడిగా ఉందో చూసే సెన్సర్ ఒకటి బండి ముందు భాగంలో ఉంటుంది. అది గడ్డకట్టే చలి అని చెబితే, గొట్టాల్లో యూరియా గట్టిపడి ఉంటుందని కంప్యూటర్ అనుకుంటుంది. కరిగేదాకా చిమ్మకుండా ఆగుతుంది. తొట్టి వెచ్చగానే ఉందని ఇంకో సెన్సర్ మొత్తుకుంటున్నా గొట్టాల సంగతి దానికి నమ్మకం లేదు. సూరత్ మండుటెండలో ఆ బండి రోజూ మంచు కరగడం కోసం ఎదురుచూస్తోంది. యూరియా ఉంది, మంచిదే, కానీ ఒక్క చుక్కా పొగగొట్టంలో పడటం లేదు. వెనకున్న ముక్కు విషం విషం అని అరిచి అరిచి, నిజం చెప్పిన పాపానికి రెండుసార్లు చెత్తబుట్టలో పడింది. అబద్ధం చెప్పిన సెన్సర్ మాత్రం గుట్టుగా కూర్చుంది. వైరు పూర్తిగా తెగి ఉంటే కంప్యూటర్ తప్పు పట్టేది. మైనస్ పంతొమ్మిది అనేది లోకంలో ఎక్కడో ఉండే చలే కాబట్టి దానికి సందేహం రాలేదు.

ఆ సెన్సర్ ఎక్కడుందని వెతికితే, జాలీ వెనక ఉన్న ఆ కొక్కేనికే బిగించి ఉంది. నిమ్మకాయల గుత్తి పక్కకు తీసి, వైరు కలిసే సాకెట్ ఊడదీశాను. లోపల పిన్నులు పచ్చగా చిలుముపట్టి, జిగటగా ఉన్నాయి. వాసన చూశాను. ఈ ఉద్యోగంలో నేను డీజిల్, ఆయిల్, మాడిన క్లచ్ అన్నీ వాసనతో చెప్పగలిగేవాణ్ని, కానీ అది మా ఇంట్లో ఏటా పెట్టే నిమ్మకాయ ఊరగాయ వాసన. ఆ అమ్మాయి కూడా వాసన చూసి, మిరపకాయ కూడా ఉంది అంది. తీగ వెంట కారిన రసం పిన్నుల్లోకి దిగుతోంది, మేం జెట్‌తో కడిగినప్పుడల్లా కొంత పోయి బండి కొన్నాళ్లు తిరుగుతోంది. పాత సాకెట్ కత్తిరించి కొత్తది వేశాం. అంకె ఒక్కసారి గెంతి నలభై ఒకటి దగ్గర ఆగింది. ఎందుకైనా మంచిదని యార్డులో సర్వీసుకు వచ్చి ఉన్న అదే మోడల్ బండి ఒకటి చూశాం. దానికి అప్పటికే మైనస్ ఏడు వచ్చింది.

ఇవి ఇక్కడ ఎవరు కట్టారు, అని ఆ అమ్మాయి అమాయకంగా అడిగింది.

వర్క్‌షాపులో ఎవరి పనిలో వాళ్లు మునిగిపోయారు. ఒకడు అప్పటికే బిగించి ఉన్న నట్టును మళ్లీ బిగించాడు. మేనేజర్ ఫోన్ తీసి, మోగని ఫోన్‌తో మాట్లాడటం మొదలుపెట్టాడు. నిమ్మకాయలు కట్టిన చెయ్యి మా అందరికీ జీతమిచ్చే చెయ్యి. అప్పుడు గనక ఎవరైనా తప్పించుకునే దారి చూపించి ఉంటే, నీళ్ల సిద్ధాంతమే మళ్లీ నిలబడి ఉండేదని నా అనుమానం. బండి మనిషికి అసలు సంగతి అర్థమైంది. మా శేఠ్ చేతుల వైపు చూసి, నేల వైపు చూశాడు.

మమ్మల్ని కాపాడింది మా శేఠే. ఆయన కళ్లు మూసుకుని, రెండు చేతులూ జోడించి, ఈ బండి మీద ఎంత దిష్టి ఉండి ఉంటుందో ఆలోచించండి, అన్నాడు. ఇంజిన్‌కు తగలాల్సింది నిమ్మకాయ అడ్డుపడి ఆ చిన్న సాకెట్ మీదికి మళ్లించిందన్నాడు. ఇంత బలమైన నిమ్మకాయను తన ఇన్నేళ్ల వ్యాపారంలో చూడలేదన్నాడు. వ్యాపారి తల ఊపాడు. మేనేజర్ ఫోన్ జేబులో పెట్టి, తనకూ మొదటి నుంచీ అలాగే అనిపించిందన్నాడు. ఆ అమ్మాయి ఏదో అనబోయింది. నేను వద్దని సైగ చేశాను. దొరికిన కారణం దొరికింది, అది దిష్టి ఖాతాలో పడితే మనకేం పోయింది అనుకున్నాను. కంపెనీ తప్పు లేదు, వర్క్‌షాపు తప్పు లేదు, నిమ్మకాయకు పేరొచ్చింది. ఆ సాయంత్రం నుంచే నిమ్మకాయలు బండి వెనక తలుపుకు కట్టాలని శేఠ్ ఉత్తర్వు వేశాడు, దిష్టి వెనక నుంచి కూడా వస్తుందని చెప్పి.

వ్యాపారి చిరునవ్వుతో లేచి, రేపటి నుంచి పాత టైముకే ఖటోదరా వెళ్లు, రూటు నీదే, అని బండి మనిషికి హిందీలో చెప్పాడు. నేను బండి తాళం ఇవ్వబోయాను. అతను తీసుకోలేదు.

"అన్నా, నాకు హిందీల గీ మాట సక్కగ రాదు. నువ్వే జెప్పు ఈ చీరల శేఠ్‌కు," అన్నాడు. "నజర్ తాకిందో ఏందో నాకు ఎర్క లేదు. నేను నీళ్లు కలిపిన్నని మునీమ్‌కు జెప్పిండ్రు. కలుపలేదని గూడ జెప్పాలె గదా."

పదేళ్లకు పైగా ఆ ఊళ్లో హిందీలో బేరాలాడి బతికిన మనిషికి హిందీ రాకపోవడమేమిటి. తన నోటితో ఆ మాట అడుక్కోవడం ఇష్టం లేకపోయింది, అంతే. నేను మా శేఠ్ ఎదుట, మేనేజర్ ఎదుట, ఒక్క ముక్క తగ్గించకుండా అది వ్యాపారికి హిందీలో చెప్పాను. మేనేజర్ నా వైపు చూసిన చూపు రిటైరయ్యేదాకా నాతోనే ఉంది.

వ్యాపారి ఇబ్బందిగా నవ్వాడు. నీ తప్పేమీ లేదని మాకు తెలుసు, అన్నాడు. మరి లెక్కపెట్టడం ఆపేస్తారా, అని అడిగాను. అది అనుమానం కాదని, ఇప్పుడు అన్ని బండ్లకూ అదే పద్ధతి పెట్టామని, ఒకసారి మొదలయ్యాక పద్ధతి మార్చడం మంచిది కాదని ఆయన ఓపిగ్గా వివరించాడు. మా శేఠ్, మేనేజర్ ఔనన్నారు. పద్ధతి అనే మాట వినగానే ఔననడం వాళ్లకు అలవాటు.

అతను ఈసారి నన్ను అడ్డం పెట్టుకోలేదు. వ్యాపారి కళ్లలోకి చూస్తూ, తెలుగులోనే అన్నాడు.

"అందరికీ ముందుగాల్నే ఉంటె నాకు రంది లేకుండె. నాతోని మొదలువెట్టిండ్రు. నాతోనే బంద్ గావాలె."

నేను దాన్ని హిందీ చేయబోతే వ్యాపారి చెయ్యెత్తి ఆపాడు. ఆయనకు అర్థమైంది. గోదాములో సగం మంది హమాలీలు మనవాళ్లే కదా. ఫోన్ తీసి, మునీమ్‌కు కలిపాడు. అక్కడి వ్యాపారులందరికీ ఉన్న అలవాటు ప్రకారం స్పీకర్ పెట్టాడు. భేస్తాన్ బండి రేపు వస్తుంది, తాకాలు లెక్కపెట్టొద్దు, అన్నాడు. ఎందుకు శేఠ్, కంపెనీవాళ్లు ఏం తేల్చారు, అని మునీమ్ అడిగాడు.

వ్యాపారి నోట్లో దిష్టి అనే మాట సగం వచ్చింది. బండి మనిషి కదలకుండా నిలబడి వింటున్నాడు. వ్యాపారి ఆ సగం మాట మింగేశాడు.

"పానీ ఉస్‌నే నహీ మిలాయా థా," అన్నాడు. "గల్తీ హమారీ థీ." నీళ్లు కలిపింది అతను కాదు, తప్పు మాదే అని.

అటువైపు మునీమ్, సరే శేఠ్, లెక్కపెట్టను, అన్నాడు. ఇటువైపు బండి మనిషి నా చేతిలోంచి తాళం తీసుకున్నాడు.